సూక్ష్మరాజ్యములందు మంత్రివర్గము, పక్షరాజకీయము – ఒక విమర్శ

రాజ్యమునకు అంగములు ఏడని కౌటిల్యుడు అర్థశాస్త్రమున నిర్ణయించెను. స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము అనునవి యా యేడు. తరువాతి నీతిశాస్త్రకర్తలు ఈ లెక్కనే కొలది మార్పులతో అంగీకరించిరి. ఇందు అమాత్యునకు స్వామి వెంటనే స్థానము లభించినది. కాని అమాత్యులు రెండు పక్షములుగా నిలిచి, ఒక పక్షము పాలించుటయు వేఱొక పక్షము ఖండించుటయు అను పద్ధతికి ఆ శాస్త్రమున తావు లేదు. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతిభాగమున కృష్ణదేవరాయలు మంత్రులను గూర్చి ఎంతయో చెప్పియున్నాడు. అందును మంత్రి రాజునకు చెందినవాడే కాని ఒక పక్షమునకు చెందినవాడు కాడు. పక్షముల చేతిలోని మంత్రివర్గమను భావము మనకు ఇంగ్లీషువారి పార్లమెంటును చూచిన తరువాత కలిగినది.

మంత్రివర్గము దేనికొఱకు, పక్షము దేనికొఱకు అను ప్రశ్నను పెద్దరాజ్యములను చూచి పరిష్కరించుట కష్టము. అచ్చట ధనము, సైన్యము, కులము, వర్తకము మున్నగునవి యన్నియు కలగలిసి యుండును. ఏది పక్షమునకు స్వభావము, ఏది దానిపై పడిన నీడ అని వేఱు చేయలేము. కావున మేము మిక్కిలి చిన్న వస్తువును ఎన్నుకొన్నాము. గడచిన యఱువది యేండ్లుగా పాశ్చాత్యదేశములందు ఒక వింతరాజ్యజాతి పెరిగినది. ఒక పడకగది, ఒక వీధి, సముద్రమధ్యమున విడిచిపెట్టిన యొక ఇనుపవేదిక – ఇట్టి తావులను స్వతంత్రరాజ్యములని ప్రకటించుకొన్నవారు పెక్కురు. ఏ ప్రభుత్వమును వీటిని గుర్తింపలేదు. ఇంగ్లీషున వీటికి మైక్రోనేషనులని పేరు. మేము సూక్ష్మరాజ్యములని వ్యవహరింతుము. శాన్ మారినో వంటి చిన్న దేశములతో వీటిని కలుపరాదు. శాన్ మారినో వైశాల్యము 61 చదరపు కిలోమీటర్లే యైనను అది 1992 నుండి ఐక్యరాజ్యసమితిలో సభ్యదేశము. సూక్ష్మరాజ్యమునకు జనపదము పేరునకు మాత్రమే, కోశము శూన్యము, దండము లేదు, మిత్రము లేడు. ఏడంగములలో నిలిచినవి మొదటి రెండే. స్వామి యుండును, అమాత్యులుందురు. పాలింపవలసిన దేదియు లేనిచోట మంత్రి యుండుట ఎట్టిది? పంచుకొనవలసిన దేదియు లేనిచోట పక్షము లేల పుట్టును?

నవ్వుపుట్టించు ప్రశ్నయే. ఏ రసమున కైనను ఆభాస కలిగినపుడు అది హాస్యమునకు దారితీయునని, అనౌచిత్యమే హాస్యమునకు మూలమని అభినవగుప్తుడు చెప్పెను. సూక్ష్మరాజ్యము రాజ్యాభాస. అందలి విదేశాంగమంత్రి ఏ విదేశముతోను మాటలాడలేడు. ఆర్థికమంత్రి వద్ద అణా యుండదు. అల్పకారణమునకై ఘోరముగా కలహించు చిన్న రాజ్యము ఇంగ్లీషు అధిక్షేపకవులకు ప్రియమైన వస్తువగుట ఇందువలననే. అయితే ఆ కవులు నవ్విన నవ్వులన్నియు ఒక్కటి కావు. ఎవరు సరియైన చోట నవ్విరి, ఎవరు చోటు తప్పి నవ్విరి యని విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. ఆ విచారణకు ఒరపిడిరాయిగా నిజముగా నడచిన సూక్ష్మరాజ్యముల చరిత్రను తీసికొందుము.

మొదట స్విఫ్టు. 1726లో వెలువడిన గలివరు యాత్రలలో మొదటిది లిలిపుట్టు యాత్ర. లిలిపుట్టు తన దృష్టిలో సామ్రాజ్యమే. దాని చుట్టుకొలత పండ్రెండు మైళ్లు. మనుష్యులు ఆరంగుళముల వారు. ఆ దేశమున మంత్రిపదవి ఖాళీయైనపుడు దానిని కోరువారు సన్నని దారముపై నెక్కి చక్రవర్తి యెదుట నాట్యమాడవలెను. క్రిందపడక అందఱి కంటె ఎత్తుగా ఎగిరినవానికి పదవి. పదవిలో నున్న మంత్రులు కూడ తమ నేర్పు చెడలేదని చూపుటకు అప్పుడప్పుడు ఎగురుచుండవలెను. కోశాధికారి ఫ్లిమ్నాపు ఈ విద్యలో అందఱిని మించినవాడు. అతడొకసారి పడగా, నేలపై దైవవశమున నున్న రాజుగారి తలగడ అడ్డుపడకున్నచో మెడ విరిగియుండెడిది. ఫ్లిమ్నాపు నాటి ప్రధానమంత్రి రాబర్టు వాల్పోలునకు ప్రతిబింబమని వ్యాఖ్యాత లెల్లరును అంగీకరించిరి. కౌటిల్యుడు అమాత్యులను ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగు ఉపధలతో పరీక్షింపుమనెను. లిలిపుట్టు చక్రవర్తికి ఒక్క దారము చాలినది.

అదే దేశమున రెండు పక్షములు గలవు. ఎత్తుమడమల చెప్పులు తొడుగువారు ట్రమెక్సానులు, పొట్టిమడమల వారు స్లమెక్సానులు. ఈ రెండు తెగల వారును కలిసి తినరు, త్రాగరు, మాటలాడరు. చక్రవర్తి పొట్టిమడమల వారికే పదవు లిచ్చును. ఆయన మడమలు ఆస్థానములో నందఱి మడమల కంటె పొట్టివి. యువరాజు మాత్రము ఒక మడమ ఎత్తుగను ఒకటి పొట్టిగను తొడిగి కుంటుచు నడచును. మొదటి జార్జి విగ్గులను చేరదీయుటయు, యువరాజు ఇరుపక్షముల వారిని మంచి చేసికొనుటయు ఇచ్చట ఉద్దిష్టములు.

సాధారణముగా పాఠకులు మడమల కథను గ్రుడ్ల కథతో కలిపి, అల్పవిషయమునకై కొట్లాడుకొను మనుష్యస్వభావమును స్విఫ్టు హేళన చేసెనని చెప్పుదురు. ఈ మాట తప్పు కాదు కాని చాలదు. గ్రుడ్డును ఏ కొననుండి పగులగొట్టవలెనను వివాదము మతమునకు సంబంధించినది. దానిలో పదునొకండు వేలమంది ప్రాణములు పోయినట్లు గ్రంథము చెప్పును. మడమల వివాదములో ఒక్కడును చావలేదు. అందు చెడిన దొకటే: పదవి. ఎవరి మడమ ఎంత యని కొలుచుట రాజుగారి యొక్కని పని. ఎత్తుమడమల వారే సంఖ్యలో నెక్కువయని రెల్డ్రెసల్ అను మంత్రి స్వయముగా గలివరుతో ఒప్పుకొనును. ఒప్పుకొని, అధికారము మాత్రము సంపూర్ణముగా తమదే యనును. ఈ యొక్క వాక్యములో స్విఫ్టు మర్మము దాగియున్నదని మా తలంపు. సంఖ్యకును పదవికిని సంబంధము తెగినచోట పక్షము చెప్పుల మడమయై పోవును. దారపునాట్యము, మడమల కలహము అనునవి రెండు వేఱు వేఱు హాస్యములు కావు. మొదటిది రెండవదానికి కారణము. అనుగ్రహము ఒకే చేతినుండి వచ్చుచున్నంత కాలము, ఆ చేతికి కనబడునట్లు గుర్తు తొడుగుకొనుట తప్ప పక్షమునకు వేఱు పని లేదు.

స్విఫ్టు ఈ సంగతి పుస్తకములలో చదివి వ్రాయలేదు. 1710–11లలో టోరీ మంత్రివర్గము కొఱకు పత్రిక నడపినవాడు. 1714లో ఆనీ రాణి మరణముతో ఆ మంత్రివర్గము కూలగా డబ్లినునకు తిరిగి వెళ్లినవాడు. తాను ఎత్తుమడమల వారి తోటివాడయ్యును, వారి మడమలను కూడ నవ్వుటలో నతడు వెనుదీయలేదు. ఇది చిన్న గుణము కాదు.

తెలుగువారికి స్విఫ్టును పరిచయము చేసిన ఘనత కందుకూరి వీరేశలింగముగారిది. 1890 దశకమున చింతామణి పత్రికలో వెలువడిన సత్యరాజా పూర్వదేశయాత్రలకు గలివరు యాత్రలే ప్రేరణము. ఆడుమళయాళమున స్త్రీలు పాలించి పురుషులు లోపల నుండుట, లంకాద్వీపమున సత్యరాజా మరుగుజ్జగుట మనకు పరిచితములు. పంతులుగారు స్విఫ్టు చట్రమును తీసికొని అందు తన దేశపు సంఘదురాచారములను బిగించిరి. ఆ గ్రంథమునకు ప్రధానలక్ష్యము పక్షరాజకీయము కాదు; కానేరదు. ఆనాటి ఆంధ్రునకు మడమలు కొలుచుటకు స్వంతమైన మంత్రివర్గ మెక్కడిది? లిలిపుట్టులోని రాజకీయాంశము మన భాషలో అనాథగా మిగిలిపోవుటకు కారణము పంతులుగారి ప్రతిభాలోపము కాదు, దేశస్థితి.

స్విఫ్టు తరువాత మేము చూడదలచినది గిల్బర్టు మాటలకు సలివాను సంగీతము కూర్చిన యుటోపియా లిమిటెడ్ అను హాస్యసంగీతరూపకము. 1893 అక్టోబరులో లండనునందలి సవాయ్ నాటకశాలలో దీనిని ప్రదర్శించిరి. వీరి తక్కిన రూపకములతో పోల్చినచో దీనికి ప్రచారము తక్కువ. కూర్పులో బిగువు లేదను ఆక్షేపణ నిజమే. అయినను మన ప్రశ్నకు దీనికంటె దగ్గఱగా వచ్చిన రచన మఱియొకటి మాకు కనబడలేదు.

యుటోపియా దక్షిణసముద్రమునందలి యొక ద్వీపము. రాజు పారమౌంటు. ఆయనపై స్కేఫియో, ఫాంటిసు అను ఇద్దఱు జ్ఞానులు కావలి. రాజు దారి తప్పెనని వారు తీర్మానించినచో, టరారా అను ఉద్యోగి రాజును మందుగుండుతో ప్రేల్చివేయవలెను. ఆపై నతడే రాజగును. రాజును అదుపులో నుంచుటకు ఆ దేశము కనిపెట్టిన యుపాయ మిది. ఇంతలో రాజకుమారి జారా ఇంగ్లండునందు గిర్టను కళాశాలలో చదువు ముగించి ఆరుగురు ఆంగ్లేయులను వెంటబెట్టుకొని వచ్చును. వారిలో నొకడు కంపెనీలు లేవదీయువాడు. అతని సలహాపై దేశమంతయు ఒక లిమిటెడ్ కంపెనీగా మారును. మనుష్యులు గూడ కంపెనీలగుదురు. అప్పు తీర్పవలసిన పూచీ పెట్టుబడితో సరి. మందుగుండు ఇక చెల్లదు, కంపెనీని ప్రేల్చుట ఎట్లు?

రెండవ అంకమున మంత్రివర్గసమావేశము. ఇంగ్లండునందు ఇట్లే జరుగునని చెప్పి రాజును, ఆ యార్గురను అర్ధచంద్రాకారమున కుర్చీలలో కూర్చుండబెట్టుదురు. ఇది నిజముగా సెయింట్ జేమ్సు ఆస్థానమున ఆచారమా యని రాజు అడుగగా, సెయింట్ జేమ్సు హాలున ఆచారమని సమాధానము. ఆ హాలు నాడు ముఖమునకు మసి పూసికొని పాటలు పాడి హాస్యమాడు గాయకబృందములకు ప్రసిద్ధమైన చోటు. వారు కూర్చుండు వరుసయే ఈ వరుస. ఈ మసి పూతలో నొక జాతిని కించపఱచు గుణ మున్నది. నేటి పాఠకుడు దానిని మన్నింపనక్కఱ లేదు. హాస్యపు గుఱి మాత్రము మంత్రివర్గముపైననే. చూచి నేర్చుకొన్న మంత్రివర్గము కుర్చీల వరుసను నేర్చినది, మాటలను నేర్వలేదు.

సంస్కరణములు ఫలించును, అదియే ఆపద. సైన్యమును నౌకాబలమును చూచి బెదరి పొరుగువారు ఆయుధములు విడుతురు, సైనికులకు పని లేదు. ఊరు శుభ్రమైనది, వైద్యులకు పస్తు. శాసనములు నిర్దుష్టములైనవి, న్యాయవాదులకు పస్తు; చెఱసాలలు ఖాళీయై పనివారికి అద్దెయిండ్లైనవి. ప్రజలు తిరుగబడుదురు. అపుడు జారాకు జ్ఞప్తికి వచ్చును – ముఖ్యమైన దానిని మఱచితినని. అది పక్షపాలనము. ఒక పక్షము చేసినదానిని వేఱొక పక్షము తీసివేయుచుండిన యెడల శాశ్వతమైన మేలు జరుగదు. అప్పుడు రోగములు, వ్యాజ్యములు, యుద్ధములు అన్నియు యథాస్థానమునకు వచ్చును. అందఱకును పని దొరకును. ప్రజలు హర్షింతురు. రాజు, ఇక తనది లిమిటెడ్ కంపెనీయైన రాజరికము కాదు, పరిమితమైన రాజరికమని ప్రకటించును. ఇంగ్లీషున ఈ రెండింటికిని మాటలు అవియే, క్రమము తలక్రిందులు.

ఈ ముగింపు పక్షరాజకీయముపై నెత్తిపొడుపని అందఱు చెప్పుదురు. అది స్పష్టమే, గిల్బర్టు పక్షములను మెచ్చుకొనుటకు దీనిని వ్రాయలేదు. కాని కవి ఎగతాళికి చెప్పినమాట ఒక్కొక్కపుడు అతని యుద్దేశమును దాటి పోవును. నాటకము మొదట రాజునకు హద్దు ఏది? మందుగుండు. నడుమ హద్దు ఏది? కంపెనీ శాసనము. తుదకు హద్దు ఏది? ఎదుటి పక్షము. ఈ మూడింటిలో ఎవరి ప్రాణము తీయనిది, ఎవరి అప్పు ఎగవేయనిది మూడవదియే. హాస్యకవి చేతిలో నుండి నిజము జారిపడినది. అతడు వంగి దానిని తీసికొనలేదు. మాకు గిల్బర్టుపై నున్న ఫిర్యాదు ఇంతమాత్రమే.

లెనార్డు విబర్లీ 1955లో ప్రకటించిన గర్జించిన మూషికము అను నవల యొక్క ఖ్యాతి, 1959లో పీటర్ సెల్లర్సు మూడు పాత్రలు ధరించిన చలనచిత్రము వలన హెచ్చినది. గ్రాండ్ ఫెన్విక్కు అను డచీ ఆల్ప్సు పర్వతములలో నున్నట్లు కల్పన. అయిదు మైళ్ల పొడవు, మూడు మైళ్ల వెడల్పు. ద్రాక్షసారాయి యమ్మకమే జీవనాధారము. జనసంఖ్య పెరిగి రాబడి చాలకపోగా, ఎగుమతి సారాయిలో పదవవంతు నీరు కలుపవచ్చునని ఒక పక్షము, కలుపరాదని వేఱొక పక్షము ఏర్పడును. చదువరి దీనిని మడమల జాతికి చేర్చి నవ్వును. రచయిత కోరినదియు అదియే. కాని ఇది మడమల వంటిది కాదు. నీరు కలిపినచో నేటి యాకలి తీరును, రేపటి పేరు పోవును. ఏ దేశపు ఆర్థికమంత్రికైనను ఎదురగు ప్రశ్నయే యిది. మూడు రచనలలోను కోశముతో ముడిపడిన పక్షభేదము ఇదొక్కటే. విబర్లీ తన చేతికి చిక్కిన ఈ రత్నమును గుర్తింపలేదు. అమెరికాపై దండయాత్ర, మహాబాంబు, వివాహము – కథ ఆ దారిన పోయినది. నీటి ప్రశ్న దారిప్రక్కన మిగిలినది. మనోహరమైన నవలయే. పక్షము లేర్పడుటను చూపి, అవి పని చేయుటను చూపలేదు.

ఇక కల్పన విడిచి నిజమునకు వత్తము. ఇంగ్లండు తూర్పుతీరమునకు దూరముగా సముద్రమున రెండవ ప్రపంచయుద్ధకాలమున కట్టిన రఫ్స్ టవర్ అను కోటను 1967లో రాయ్ బేట్సు అను నతడు సీలండు అను రాజ్యముగా ప్రకటించెను. సప్తాంగములలో దుర్గము నిక్కముగా గల సూక్ష్మరాజ్య మిది, మిగిలినదంతయు దుర్గమే. దీనికి ప్రధానమంత్రి ననిపించుకొన్న అకెన్‌బాకు అను జర్మనుడు 1978 ఆగస్టులో రాజు లేని సమయమున కూలిమనుష్యులను పంపి కోటను పట్టించి, రాజకుమారుని బంధింపించెను. బేట్సు కోటను తిరిగి గెలుచుకొని, పట్టుబడిన వారిలో నొకనిని రాజద్రోహి యని నిలిపియుంచగా, పశ్చిమజర్మనీ నుండి ఒక దౌత్యోద్యోగి అచ్చటికి రావలసివచ్చెను. తరువాత ప్రధానమంత్రి ప్రవాసప్రభుత్వము నేర్పఱచెను. ఈ రాజ్యమున శాసనసభ లేదు, పక్షము లేదు. రాజుతో మంత్రికి విభేదము కలిగినది. దానిని చెప్పుకొనుటకు స్థానము లేదు. కనుక ఆయుధములు వచ్చినవి. ఫ్లిమ్నాపు తలగడపై పడెను. ఇచ్చట తలగడయు లేదు.

లండనునందలి ఫ్రెస్టను వీధి కథ దీనికి కేవలము భిన్నము. ఆ వీధిలోని పాత యిండ్లను పడగొట్టుటకు నగరపాలకమండలి నిశ్చయింపగా, అందు కాపురమున్న సుమారు 120 మంది 1977 అక్టోబరు 31న తమ వీధిని ఫ్రెస్టోనియా యను స్వతంత్రరాజ్యముగా ప్రకటించి ఐక్యరాజ్యసమితికి విన్నపము పంపిరి. అందఱును బ్రామ్లీ యను ఒకే ఇంటిపేరు పెట్టుకొనిరి. ఒకే కుటుంబమైనచో అందఱకును ఒక్కచోటనే ఇండ్లు చూపవలసియుండునని యుక్తి. డేవిడ్ రాపపోర్టు అను నటుడు విదేశాంగమంత్రి. హీత్‌కోట్ విలియమ్సు అను నాటకకర్త బ్రిటనునకు రాయబారి. విద్యాశాఖామంత్రి రెండేండ్ల శిశువు. నాడు ప్రతిపక్షమున నున్న జెఫ్రీ హౌ, చెస్టర్టను 1904లో వ్రాసిన నాటింగ్ హిల్ నెపోలియను నవలను తలచుకొని, వీరికి సానుభూతితో జాబు వ్రాసెను. ఆ నవలయు ఆ పేటలోని వీధుల స్వాతంత్ర్యమును గూర్చినదే. ఇండ్లు పూర్తిగా చేజారలేదు. ఆ కాపురస్థులు సహకారసంఘముగా ఏర్పడి, ఒక గృహనిర్మాణసంస్థతో కలిసి క్రొత్త యిండ్లు కట్టించుకొనిరి. ఇచ్చటను పక్షములు లేవు, కాని కారణము వేఱు. శత్రువు వెలుపల నున్నాడు, అవసర మొక్కటే, అందఱు మంత్రులే. ముట్టడిలో నున్న ఊరికి ప్రతిపక్షముతో పనియుండదు. ముట్టడి తొలగిన తరువాత ఆ రాజ్యమునకును పనియుండలేదు.

మన ప్రశ్నకు సరియైన ఒరపిడిరాయి టలోస్సా. 1979 డిసెంబరు 26న అమెరికాలోని మిల్వాకీ నగరమున రాబర్టు బెన్ మాడిసను అను పదునాలుగేండ్ల బాలుడు తన పడకగదిని రాజ్యముగా ప్రకటించి తాను రాజయ్యెను. టలోస్సా యన్నది ఫిన్నిషు భాషలో 'ఇంటిలోపల' అను నర్థము గల పదము. ఇంగ్లీషున మంత్రివర్గమునకు చెప్పు కాబినెట్ అను మాటకును మూలమున 'చిన్న గది' యనియే యర్థము. బాలుడు తన రాజ్యమునకొక భాషను గూడ కల్పించెను. ఇంతవరకు ఇది బాలక్రీడయే. విశేష మేమనగా, ఈ క్రీడ మిత్రులను చేర్చుకొని పెరిగి, ఎన్నికలుగల శాసనసభను, పక్షములను, మంత్రివర్గమును ఏర్పఱచుకొన్నది. ఇంటర్నెట్టు వచ్చిన తరువాత ఎన్నడును మిల్వాకీ చూడనివారును పౌరులైరి. దిగువసభకు కోసా యని పేరు. అందు 200 స్థానములు. ప్రధానమంత్రికి సెనెషలని పేరు. పక్షములు పొందిన వోట్ల నిష్పత్తి ననుసరించి స్థానములు పంచబడును. సభ్యులు స్థానముల కంటె తక్కువ కనుక ఒక్కొక్కరు పెక్కు స్థానములను వహింతురు.

ఒక మనిషి పది కుర్చీలలో కూర్చున్నట్లు ఊహించి నవ్వుట సులభము. మేమును నవ్వితిమి. కాని లెక్క ఎందులకు ఇంత సూక్ష్మముగా ఉంచుకొనిరో యోజించినచో నవ్వు తగ్గును. పంచుటకు జీతము లేదు, భూమి లేదు, కాంట్రాక్టు లేదు. పంచదగినది మాట విలువ యొక్కటే. ఎవని మాటకు ఎందఱి బలము కలదో తెలియుటకే ఆ కుర్చీలు. లిలిపుట్టులో రాజు మడమలు కొలిచెను. ఇచ్చట వోట్లు కొలుచుచున్నారు. స్విఫ్టు తెగిపోయినదని చూపిన సంఖ్యాపదవుల సంబంధమును వీరు ఆటలోనైనను తిరిగి ముడివేసిరి. స్విఫ్టు బ్రతికియుండి దీనిని చూచినచో నవ్వక మానడు. కాని మడమలను గూర్చి నవ్విన నవ్వు కాజాలదు.

ఇట్లని టలోస్సా ఆదర్శరాజ్యమని మేము చెప్పము. 2004 జూనులో రాజుతో కలిగిన విభేదముల వలన కొందఱు పౌరులు విడిపోయి టలోస్సా గణతంత్రమును స్థాపించిరి. ఎన్ని పక్షములున్నను, రాజ్యము నా గదిలో పుట్టినదను భావము గలవాడు సింహాసనమున నున్నంత కాలము వాదమునకు ఒక గోడ అడ్డుగా నుండును. గిల్బర్టు చెప్పిన పరిమితరాజరికము కాగితముపై కలదు. రాజును సృష్టికర్తను వేఱు చేయుట కాగితమువలన కాదు. 2005లో స్థాపకుడు సింహాసనమును విడిచెను. 2007లో వేఱొకని రాజుగా ఎన్నుకొనిరి. ఎన్నుకొన్న రాజు ఎన్నుకొన్నవారి యింటి గదికి యజమాని కాడు. ఈ భేదము చిన్నది కాదు. గణతంత్రము తనంతట తాను నడచుచుండగా, రెండును ఎనిమిదేండ్లు ఒకే పేరుతో, ఒకే కల్పితభాషతో వేఱువేఱుగా నుండెను.

ఇచ్చట ఒక పదమును గూర్చి చెప్పవలసియున్నది. మన భాషలో పక్షమన్న మాటకు రెక్క, చంద్రుని వృద్ధిక్షయములలో నొక సగము, వాదమున నొక ప్రక్క అను నర్థములు గలవు. శాస్త్రచర్చలో సిద్ధాంతికి పూర్వపక్షము తప్పనిసరి. ఎదుటివాని వాదమును ముందు సమగ్రముగా చెప్పినగాని తన వాదము నిలువదు. ఇంగ్లీషు పార్టీ యను పదమునకు మూలము భాగము, చీలిక. మనవారు పార్టీని పక్షమని యనువదించినపుడు చీలిక యను నర్థము కొంత తగ్గి, వాదాంగమను నర్థము వచ్చి చేరినది. అనువాదకులు ఇది యెఱిగి చేసిరో లేదో కాని, సూక్ష్మరాజ్యముల నాలోచించునపుడు ఈ తెలుగు మాటయే సరియైన వెలుగు నిచ్చుచున్నది. సీలండులో పూర్వపక్షమునకు చోటు లేక అది కత్తి పట్టినది. ఫ్రెస్టోనియాలో సిద్ధాంతమొక్కటే, పూర్వపక్షము లండను నగరపాలకమండలి. టలోస్సాలో పూర్వపక్షము ఇంటిలోపలనే పుట్టినది.

కావున పక్షములు కలహించు విషయము అల్పమైనంత మాత్రమున అవి హాస్యాస్పదములని చెప్పు విమర్శకులతో మేము ఏకీభవింపలేము. అల్పత్వము హాస్యమునకు వేషము మాత్రమే. అనౌచిత్యము వేఱుచోట నున్నది. మంత్రి తన మాటకు ఎవరి వైపు చూచుచున్నాడు – అందఱ లెక్క వైపా, ఒక్కని మడమ వైపా? ఈ ప్రశ్నకు లిలిపుట్టు ఒక సమాధానము, టలోస్సా ఒక సమాధానము. రెండింటి వైశాల్యములో పోలిక కలదు. ఈ విషయమున మాత్రము లేదు. యుటోపియా నాటకమును ప్రదర్శించువారు చివరి దృశ్యమును కేవలము ఎగతాళిగా నడపుట వాడుక. రాజు తన చివరి ప్రకటనమును నిజముగా నమ్మి చెప్పినట్లు నటించినచో ఆ దృశ్యమున రసము హెచ్చునని మాకు తోచుచున్నది. అప్పుడు నవ్వు రాజుపై పడదు, ముందున్న మందుగుండుపై పడును.

టలోస్సా రాజ్యమును గణతంత్రమును 2012 ఏప్రిలులో ఏకమైనవి. తిరిగి వచ్చినవారు రాజు వలదన్న తమ అభిప్రాయమును విడువలేదు. రాజు గల ఆ శాసనసభలోనే పక్షముగా నిలిచి దానిని వాదించుటకు పూనుకొనిరి.